ముఖచిత్రం పాడుతుందా?



ఈ నెల మీకొక పొడుపు కథలాంటి ప్రశ్న. పాట చెవులకోసం పుట్టింది. పుస్తకం కళ్ళకోసం పుట్టింది. మరి పాటలను గురించి చెప్పే పత్రిక అట్టమీద ఎలాంటి బొమ్మ వెయ్యాలి? దారినపోయే మనిషి ఆ అట్ట చూసి, ఆగి, "ఇందులో ఏదో మంచి సంగతి ఉన్నట్టుందే!" అని చేతిలోకి తీసుకోవాలి. అట్ట నోరు తెరిచి పాడలేదు. అయినా పాడినట్టు అనిపించాలి. ఎలా?

ఈ ప్రశ్న నా అంతట నాకు తట్టింది కాదు. అమీర్‌పేటలో ఉన్న మా మేనకోడలు తెచ్చిపెట్టింది.

ఆమె ఎనిమిదో తరగతి చదువుతున్నది. తనూ, మరో ఆరుగురు నేస్తాలూ కలిసి బడిలో ఒక చిన్న మాసపత్రిక నడుపుతున్నారు. అంతా సంగీతం గురించే. లోపలి పుటలు చేతితో రాసి జిరాక్సు తీయిస్తారు. అట్ట ఒక్కటి మాత్రం రంగుల్లో అచ్చు వేయిస్తారు. నెలకు 30 ప్రతులు. ఒక్కొక్కటి 10 రూపాయలు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక గ్రంథాలయం గదిలో బల్లమీద పేర్చిపెడతారు. కావలసినవాళ్ళు డబ్బాలో డబ్బులు వేసి తీసుకోవచ్చు.

మొదటి సంచిక 12 ప్రతులు పోయాయి. రెండోది 30కి 30 పోయాయి. అందరూ గంతులు వేశారు. మూడోది వచ్చేసరికి తొమ్మిదంటే తొమ్మిదే పోయాయి.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి అమ్మడు చిన్నబోయిన ముఖంతో కూర్చుని ఉంది. ఎదురుగా మిగిలిపోయిన 21 ప్రతులు.

"మావయ్యా, మా దగ్గర ఇంకొక్క సంచికకు సరిపడే డబ్బే ఉంది. ఇది కూడా మిగిలిపోతే పత్రిక ఆపేద్దామని అందరూ అంటున్నారు" అంది. మాట పూర్తి చేసేలోగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను మూడు అట్టలూ చూశాను. కాని ఏమీ చెప్పలేదు. "చెప్పులు వేసుకో. మైత్రీవనం దాకా వెళ్ళివద్దాం" అన్నాను. అయిదో తరగతి చదివే ఆమె తమ్ముడు కూడా "నేనూ వస్తా" అని బయలుదేరాడు.

మైత్రీవనం మీరు చూశారా? హైదరాబాదులో అమీర్‌పేట కూడలి దగ్గర ఉన్న పెద్ద కట్టడం అది. దాన్ని కట్టించింది హుడా అనే నగరాభివృద్ధి సంస్థ. ఆ సంస్థే 2008లో హెచ్.ఎం.డి.ఎ. అయింది. పేరులో వనం ఉన్నా అక్కడ చెట్లకంటె బోర్డులే ఎక్కువ. కంప్యూటరు పాఠాలు చెప్పే చోట్లు అక్కడా, చుట్టుపక్కల సందుల్లోనూ లెక్కలేనన్ని ఉన్నాయి. జావా నేర్పుతామని ఒక బోర్డు, పైథాన్ నేర్పుతామని మరొక బోర్డు, రేపే కొత్త తరగతి అని ఇంకొకటి. గోడల మీద, స్తంభాల మీద, మెట్ల మీద, ఎక్కడ చూసినా అక్షరాలే. పక్కనే మెట్రో రైలు స్టేషను. 2017 నవంబరులో మొదలయిన ఆ మెట్రోలో రెండు దారులు ఒకదానిపై ఒకటిగా దాటే చోట్లలో అదొకటి. కాబట్టి అక్కడ ప్రతి బోర్డూ వేలమంది కళ్ళకోసం పోటీ పడుతుంటుంది.

"ఇప్పుడొక ఆట. ఇద్దరూ కళ్ళు మూసుకోండి. నేను చెప్పగానే తెరిచి, మూడు లెక్కపెట్టి, మళ్ళీ మూసుకోవాలి" అన్నాను.

ఆడారు. "ఏం చూశారు?" అని అడిగాను.

"పసుపు రంగు మీద నల్ల అక్షరాలున్న బోర్డు. పెద్దది. దాని చుట్టూ ఇంకేమీ లేదు" అంది అమ్మడు.

"ఒకాయన నావైపు చూసి నవ్వుతున్న బోర్డు" అన్నాడు తమ్ముడు.

"మిగతావి?"

"ఏవో చాలా ఉన్నాయి మావయ్యా. గుర్తులేదు."

చూశారా! నూరు బోర్డులు ఉన్నచోట రెండే కంటికి ఆనాయి. సంతలో అందరూ ఒకేసారి కేకలు వేస్తే ఎవరి కేకా వినపడదు. ఇదీ అంతే.

దీనికి కారణం మన కంటిలోనే ఉంది. మీ చెయ్యి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. మన కన్ను ఒక క్షణంలో అతి స్పష్టంగా చూడగలిగేది దాదాపు ఆ గోరంత మేర మాత్రమే! మిగతాదంతా మసక. ఆ సంగతి మనకు తెలియకపోవటానికి కారణం, కన్ను ఒకచోట నిలవకుండా ఇక్కడినుంచి అక్కడికి గెంతుతూ ఉండటమే. అట్ట గీసేవాడు మొట్టమొదట నిర్ణయించుకోవలసింది ఏమిటంటే, చదువరి కన్ను మొదట ఎక్కడికి గెంతాలి, అక్కడినుంచి ఎక్కడికి పోవాలి అని. ఒకటి పెద్దదిగా ఉండి దాని చుట్టూ కొంత ఖాళీ ఉంటే కన్ను తడుముకోకుండా అక్కడికే పోతుంది. పసుపు మీద నలుపు ఎందుకు కనపడిందంటే, ఒకటి బాగా వెలుగు, రెండోది బాగా చీకటి. రంగు ఏదయినా సరే, వెలుగు చీకట్ల తేడా ఎంత ఎక్కువైతే అక్షరం అంత తేలిగ్గా కనపడుతుంది. ఎరుపు మీద ముదురు ఆకుపచ్చ రాసి చూడండి. రెండూ మంచి రంగులే. కాని చదవబోతే కళ్ళు నొప్పి పుడతాయి.

తమ్ముడికి నవ్వు ముఖం ఎందుకు కనపడింది? మనుషులకు ముఖాలంటే పుట్టుకతో వచ్చిన ఆసక్తి. పుట్టి కొద్ది గంటలే అయిన పసిపాప కూడా ముఖం లాంటి బొమ్మను కదిలిస్తే దానివెంట చూపు తిప్పుతుందని శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. అందుకే ఏ దేశంలో చూసినా పత్రికల అట్టల మీద అన్ని ముఖాలు! ఇంకో చిత్రం ఏమిటంటే, బొమ్మలో మనిషి ఎటు చూస్తే మనమూ అటే చూస్తాం. వీణ వాయించే ఆమె తన వేళ్ళవైపు చూస్తున్నట్టు గీస్తే, మన చూపు కూడా ముఖం మీదినుంచి వేళ్ళమీదికి దిగుతుంది.

అక్కడినుంచి ఒక పత్రికల దుకాణానికి వెళ్ళాం. ఇలాంటి దుకాణాలు ఇప్పుడు తగ్గిపోయాయి గాని, వెతికితే ఇంకా ఉన్నాయి. పత్రికలను మెట్లు మెట్లుగా, ఒకదాని మీద ఒకటి సగం కప్పేటట్టు పేర్చి ఉంచారు.

"దీన్ని బట్టి ఏం తెలిసింది?" అన్నాను.

అమ్మడు కాసేపు చూసి, "ప్రతి పత్రికకూ పైభాగం ఒక్కటే కనపడుతోంది మావయ్యా. ఓహో! అందుకే పేరు పైన వేస్తారన్నమాట!" అంది.

అదీ సంగతి. పేరు పైన ఉండటం అలంకారం కోసం కాదు, అవసరం కోసం. పైగా పేరు రాసే తీరు నెలనెలా మారదు. బొమ్మ మారుతుంది, రంగు మారుతుంది, పేరు అక్షరాల వంపు మాత్రం అదే. అలవాటైన పాఠకుడు దాన్ని చదవడు, గుర్తుపడతాడు. అమ్మ గొంతు వినగానే "ఎవరు?" అని అడగం కదా!

మరి అక్షరం ఎంత ఉండాలి? కంటి డాక్టరు 6 మీటర్ల దూరంలో పెట్టి చదివించే పలకలో, మంచి చూపు ఉన్నవాడు చదవగల అతి చిన్న వరుస అక్షరాల ఎత్తు దాదాపు 9 మిల్లీమీటర్లు. దూరం మూడోవంతుకు తగ్గితే అక్షరమూ మూడోవంతు చాలు. అంటే 2 మీటర్ల దూరంలో 3 మిల్లీమీటర్లు. కాని అది కదలకుండా నిలబడి, కష్టపడి చదివితే! నడిచిపోయేవాడికి దానికి అయిదారు రెట్లు ఉంటే తప్ప కంటికి ఆనదు.

మన తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. "పాట" అని రాయండి. దాని పక్కనే అదే ఎత్తులో "జ్యోత్స్న" అని రాయండి. రెండోదాంట్లో కింద ఒత్తులు వేలాడుతున్నాయి, పైన గుణింతపు గుర్తు ఉంది. మేడ మీద మేడ కట్టినట్టు! ఆ ఎత్తులోనే అన్నీ ఇమడాలంటే అసలు అక్షరం చిన్నదై పోతుంది. అందుకని తెలుగు పత్రికకు పేరు రాసేవాళ్ళు ఒత్తుల కోసం ముందే చోటు విడిచిపెట్టుకుంటారు.

ఎండ ఎక్కింది. ఒక టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. పిల్లలకు ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి, నా సంచిలోనుంచి పాత కాగితాల పొత్తం ఒకటి తీశాను.

"ఇదేమిటి మావయ్యా? ఇంత పలచగా ఉంది!"

"సినిమా పాటల పుస్తకం. మీ తాతగారు దాచినది."

చిన్నారులూ, మీలో చాలామంది ఇలాంటిది చూసి ఉండరు. పాట కావాలంటే ఫోనులో ఇప్పుడు క్షణంలో దొరుకుతుంది. కాని వెనుక రోజుల్లో సినిమా హాలు దగ్గర ఈ పాటల పుస్తకాలు అమ్మేవారు. కొద్ది అణాల ఖరీదు. లోపల నటీనటుల పేర్లు, కథ, పాటలు ఉండేవి. కథ మంచి పట్టులో ఆగిపోయేది. తరువాత ఏమయిందో వెండితెర మీద చూడమనేవారు! ఇంటికి తెచ్చుకుని, రేడియోలో ఆ పాట వచ్చినప్పుడు పుస్తకం విప్పి కూడా పాడుకునేవారు. తెలుగునాట మామూలు జనం చేతికి అందిన సంగీత పత్రిక అదేనని నాకు అనిపిస్తుంది.

మేము కూర్చున్న చోటికి దగ్గరలోనే అమీర్‌పేటలో సారథీ స్టూడియో ఉంది. 1959లో వచ్చిన "మా ఇంటి మహాలక్ష్మి" అక్కడ తీసినదే. అలాంటి సినిమాల పాటల పుస్తకాల మీద పేరు ఎలా ఉండేదనుకున్నారు? కంప్యూటరు లేదు. చిత్రకారుడు కుంచెతో అక్షరం అక్షరం గీసేవాడు. భక్తి కథ అయితే అక్షరాలు గుండ్రంగా, ప్రశాంతంగా ఉండేవి. కత్తి యుద్ధాల కథ అయితే ప్రతి అక్షరానికీ కత్తి మొనలు మొలిచేవి. ఈ పనిలో ఆరితేరినవారిలో ఈశ్వర్ గారు ఒకరు. 1967లో బాపు గారు తీసిన "సాక్షి"తో మొదలుపెట్టి ఎన్నో సినిమాలకు పోస్టర్లు, పేర్ల అక్షరాలు రూపొందించారు. తన అనుభవాలతో "సినిమా పోస్టర్" అనే పుస్తకం కూడా రాశారు.

"అక్షరం వంపు చూస్తే కథ ఎలాంటిదో ఎలా తెలుస్తుంది?" అని తమ్ముడు అడిగాడు.

మంచి ప్రశ్న! కాగితం మీద రెండు బొమ్మలు గీశాను. ఒకటి మబ్బు తునకలా అన్నీ గుండ్రటి వంపులు. రెండోది పగిలిన గాజుపెంకులా అన్నీ కోసులు.

"వీటిలో ఒకదాని పేరు బౌబా. ఒకదాని పేరు కికీ. ఏది ఏదో చెప్పండి."

ఇద్దరూ ఒక్కసారే మబ్బులాంటిది బౌబా, గాజుపెంకులాంటిది కికీ అన్నారు. మీరు కూడా అదే అనుకున్నారు కదూ?

జర్మన్ శాస్త్రజ్ఞుడు కోలర్ 1929లోనే వేరే మాటలతో ఇలాంటి పరీక్ష గురించి రాశాడు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, హబ్బర్డ్ అనే శాస్త్రజ్ఞులు బౌబా, కికీ అనే మాటలతో దీన్ని మళ్ళీ లోకానికి చూపారు. వారు అడిగినవారిలో నూటికి 95 మందికి పైగా ఒకే జవాబు చెప్పారు. తరువాత అనేక భాషలవారిని అడిగితే, అన్నిచోట్లా అంతమంది కాకపోయినా, ఎక్కువమంది అదే మాట అన్నారు. అంటే మన మెదడులో కన్నూ చెవీ గోడలు కట్టుకున్న రెండు వేరు ఇళ్ళు కావు. మధ్యలో కిటికీ ఉంది. ఆ కిటికీలోనుంచే అట్టమీది బొమ్మ మనకు "వినపడుతుంది".

ఈ సంగతి మన పూర్వపు చిత్రకారులకు శాస్త్రం చెప్పకుండానే తెలుసు. కొన్ని వందల ఏళ్ళ క్రితం రాజస్థాన్‌లోనూ, మన దక్కనులోనూ రాగమాల అనే చిత్రాలు గీశారు. ఒక్కొక్క రాగానికి ఒక్కొక్క బొమ్మ. తోడి రాగిణి అంటే ఒక స్త్రీ వీణ పట్టుకుని ఉంటుంది, చుట్టూ జింకలు చెవులు నిక్కించి వింటూ ఉంటాయి. మేఘ రాగం అంటే నల్లని మబ్బులు, వాన. జింక చెవి నిక్కించటం చూడగానే, పాట మనకూ వినపడ్డట్టు ఉంటుంది. పాడేవారిని గీయటం ఒక పద్ధతి. వినేవారిని గీయటం మరో పద్ధతి!

గ్రామఫోను రికార్డుల మీద మీరు చూసే కుక్క బొమ్మ కూడా ఇదే పద్ధతి. బరో అనే ఇంగ్లీషు చిత్రకారుడు గీసిన బొమ్మ అది. కుక్క పేరు నిప్పర్. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ బొమ్మను కొన్నది. అందులో పాడే మనిషి లేడు. చెవి ఒగ్గి వినే కుక్క ఉంది. అంతే!

ఇంకో కథ చెబుతాను. అమెరికాలో ఒకప్పుడు పెద్ద రికార్డులను మామూలు గోధుమరంగు కాగితపు అట్టల్లో పెట్టి అమ్మేవారు. అన్నీ ఒకేలా ఉండేవి. కొలంబియా కంపెనీలో స్టైన్‌వైస్ అనే కుర్రవాడు చేరి, "ఇంత మంచి సంగీతానికి ఈ మాసిన చొక్కా ఏమిటి?" అనుకున్నాడు. 1940 ప్రాంతంలో అతను చేసిన మొదటి అట్టకోసం న్యూయార్కులో ఒక నాటకశాల ముందున్న దీపాల బోర్డులో అక్షరాలు మార్పించి, రికార్డు పేరు పెట్టించి, ఫోటో తీయించాడు. ఆ అట్ట చూస్తే నాటకశాల గుమ్మంలో నిలబడి లోపలికి వెళ్ళబోతున్నట్టు ఉంటుంది. అప్పటినుంచి రికార్డులకు రంగుల అట్టలు వచ్చాయి.

సంగీత పత్రికల మాటకు వస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో "రోలింగ్ స్టోన్" మొదటి సంచిక 1967 నవంబరు 9వ తేదీన వచ్చింది. అట్టమీద జాన్ లెనన్ ముఖం. ఆయన గొప్ప గాయకుడు కదా, చేతిలో గిటారు ఉంటుందనుకుంటాం. లేదు! తలమీద సైనికుడి టోపీ! ఆయన నటించిన సినిమాలోని వేషం అది. తెలిసిన ముఖం, తెలియని వేషం. "ఈయనకు ఈ టోపీ ఏమిటి?" అని చదువరి ఆగుతాడు. మన చెన్నపట్నంలో 1983 అక్టోబరులో "శ్రుతి" అనే సంగీత నాట్య పత్రిక ఇంగ్లీషులో మొదలయింది. అలాంటి పత్రిక కొనేవారిలో చాలామందికి సంగీతం క్షుణ్ణంగా తెలుసు. వాళ్ళకు వేసే అట్టలో వాద్యం పట్టుకునే తీరు తప్పితే ఇట్టే పట్టేస్తారు.

"అయ్యో!" అంది అమ్మడు, ఆ మాట వినగానే.

"ఏమయింది?"

"మా మొదటి సంచిక మీద వీణ వేశాను మావయ్యా. మా సంగీతం టీచరుగారు మెట్లు లెక్కపెట్టి నవ్వారు. 15 వేశాను."

వీణకు 24 మెట్లు ఉంటాయి. వాయించే తీగలు 4, తాళం తీగలు 3. లెక్క తప్పితే బొమ్మ ఎంత అందంగా ఉన్నా తెలిసినవారి దగ్గర పరువు పోతుంది. అదీగాక, సంగీతం అనగానే అందరూ వీణే వేస్తారు. వెయ్యిసార్లు చూసినదాని మీద కన్ను ఆగదు.

"మరి రెండో సంచిక?" అన్నాను.

అమ్మడు తల వంచుకుంది. "దానిమీద ఒక సినిమా హీరో ఫోటో వేశాం. లోపల ఆయన గురించి ఒక్క ముక్క లేదు. అందరూ ఎగబడి కొన్నారు. తరవాత 'ఏదీ, మా హీరో ఏడీ?' అని అడిగారు."

"అందుకే మూడోది కొనలేదన్నమాట!" అన్నాడు తమ్ముడు ఠకీమని.

పిల్లవాడు పట్టేశాడు. పైన పటారం, లోన లొటారం అని సామెత. అట్ట అంటే ఒక మాట ఇవ్వటం. "లోపల ఇది ఉంది" అని మాట ఇస్తుంది. మాట తప్పిన అట్ట ఒక్కసారే అమ్ముడుపోతుంది. దాని తరవాతి అట్ట నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. నాన్నా పులి కథ మీకు తెలుసుగా!

ఇక మూడో సంచిక అట్ట. జనం తగ్గిపోతారేమోనన్న భయంతో అమ్మడు లోపలున్న 12 శీర్షికలనూ అట్టమీదికి ఎక్కించింది. ఆరు రంగులు. అక్షరాలు 3 మిల్లీమీటర్లు. మైత్రీవనం గోడంతా తెచ్చి ఒక కాగితం మీద అతికించినట్టు ఉంది!

"ఇప్పుడు చెప్పు. నాలుగో సంచికలో అన్నిటికంటె మంచి వ్యాసం ఏది?" అని అడిగాను.

ఆమె కొంచెం తటపటాయించింది. "మా తరగతిలో ఒక అబ్బాయి వాళ్ళ నాన్నగారు డప్పు కళాకారుడు. మేము వెళ్ళి ఆయన్ని ప్రశ్నలు అడిగి రాసుకున్నాం. ఆయన వాయించి చూపారు కూడా. అది చాలా బాగా వచ్చింది. కాని అట్టమీద డప్పు వేస్తే 'ఇదేం సంగీతం' అంటారేమో అని..."

"ఎవరన్నారు?"

"ఆ అబ్బాయే అన్నాడు మావయ్యా. 'వద్దులే, వీణే వేసుకోండి' అన్నాడు."

నాకు మనసు చివుక్కుమంది. లయ లేకుండా పాట ఉంటుందా? ఊళ్ళో పండగైనా, పెళ్ళయినా, ఊరేగింపయినా డప్పు మోగనిదే మొదలవుతుందా? ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని చేతికి రాని విద్య అది. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. రెండు పుల్లలు, ఒక తోలు వలయం, ఎన్ని దరువులు!

"వాయించేముందు ఆయన ఏం చేశారు?" అన్నాను.

"మంట వేసి డప్పును కాచారు. కాస్సేపు కాచి, ఒకసారి వేలితో కొట్టి విని, మళ్ళీ కాచారు."

"అదే మీ అట్ట!" అన్నాను.

డప్పు ఎందుకు కాస్తారో మీకు తెలుసా? తోలు గాలిలోని తేమను పీల్చుకుని వదులవుతుంది. వదులైన తోలు మందంగా మోగుతుంది. మంట దగ్గర పెడితే తేమ పోయి, తోలు బిగుసుకుని, గణగణలాడుతుంది. ఈ సంగతి తెలియనివాడు మంట దగ్గర డప్పును చూడగానే "అరె, కాలిపోదూ?" అనుకుంటాడు. జవాబుకోసం లోపలి పుట తిప్పుతాడు. జవాబు అక్కడ ఉంటుంది. మాట ఇచ్చినట్టూ ఉంది, నిలుపుకున్నట్టూ ఉంది!

అమ్మడు అక్కడికక్కడే కాగితం తీసి గీసింది. చీకటి, మధ్యలో మంట, మంటకు దగ్గరగా రెండు చేతులు పట్టుకున్న డప్పు. ఒక పక్క ఆయన ముఖం. చూపు డప్పు మీద. ముఖం చూసిన మన కన్ను డప్పు దగ్గరికి దిగుతుంది. పేరు అక్షరాలకు గుండ్రటి వంపులు తీసేసి మందంగా, కోసులుగా గీసింది. జజ్జనకర అనే మోత కికీకి చుట్టమేగాని బౌబాకు కాదుగా! కింద ఒకే ఒక్క వాక్యం, "డప్పును మంటమీద ఎందుకు కాస్తారు?"

మైత్రీవనం వెనక సందులో ఒక అచ్చు దుకాణానికి వెళ్ళాం. కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు బొమ్మ చూసి, "మంచిగుంది పాపా! పోయినసారి గింత రాత రాపిస్తివి, ఈసారి ఒక్క లైనేనా?" అని నవ్వాడు. తరవాత ఒక ఉపకారం కూడా చేశాడు. తెరమీద మంట రంగు ధగధగా మెరుస్తున్నది గాని, కాగితం మీద అంత మెరుపు రాదన్నాడు. ఎందుకంటే తెర వెలుగుతో రంగులు చేస్తుంది. కాగితం సిరాతో చేస్తుంది. మెరుపు పోయినా మంట మంటలాగే ఉండాలని, చుట్టూ ఉన్న చీకటిని ఇంకా నల్లగా చేశాడు. చీకటి పెరిగితే మంట తనంతట తనే వెలిగింది!

రంగుల అట్ట ఏదైనా ఉంటే భూతద్దంతో చూడండి. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు తప్ప ఇంకే రంగూ కనపడదు. ఆ నాలుగు సిరాలు కలిసే వెయ్యి రంగులు అవుతాయి. మన సప్తస్వరాలు కలిసి ఎన్నో రాగాలు అయినట్టు.

నాలుగో సంచిక ఎన్ని పోయాయని అడుగుతారు కదూ? 17 పోయాయి. ముప్ఫయీ పోలేదు. పోయిన నమ్మకం ఒక్క నెలలో తిరిగి రాదు మరి. కాని ఈసారి కొన్నవాళ్ళెవరూ వెనక్కి వచ్చి దెబ్బలాడలేదు. అయిదో సంచిక కోసం 14 మంది ముందుగానే పేర్లు రాయించుకున్నారు. పత్రిక ఆగలేదు!

ఆ 17లో రెండు ప్రతులు ఒక్కరే కొన్నారట. ఎవరో ఊహించారా? డప్పు కళాకారుడి కొడుకు. "ఒకటి ఇంట్లో గోడకు. ఒకటి మా నాయనమ్మకు. ఆమెకు చదవడం రాదు, కాని అట్ట చూస్తే తెలుస్తుంది" అన్నాడట.

అట్ట పాడుతుందా అని కదా మొదట అడిగాను. చదువు రాని అవ్వకు కూడా కొడుకు డప్పు వినిపించిందంటే, పాడినట్టే లెక్క.

ఇక మీ పని. ఇంట్లో ఉన్న ఏదైనా పత్రిక తీసుకుని బల్లమీద నిలబెట్టి ఆరు అడుగులు వెనక్కి నడవండి. కళ్ళు మూసి తెరిచి, మూడు లెక్కపెట్టి, మళ్ళీ మూసుకోండి. మొదట ఏది కనపడింది? తరవాత ఏది? అట్ట ఇచ్చిన మాట లోపల నిలబెట్టుకుందా? చూసి నాకు రాయండి. అలాగే మీ ఊళ్ళో మీకు తెలిసిన ఒక వాద్యం ఎంచుకుని, దానికొక ముఖచిత్రం గీసి పంపండి. సన్నాయి కావచ్చు, కిన్నెర కావచ్చు, మీ అమ్మమ్మ రోకటి పాట అయినా కావచ్చు. ఒక్క షరతు. గీసేముందు ఆ వాద్యాన్ని దగ్గరగా చూసి, మెట్లుంటే మెట్లు, తీగలుంటే తీగలు లెక్కపెట్టాలి సుమా!

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మావయ్య